చెవికి ఒకటే, కలానికి వేరు



పిల్లవాడికి జ్వరం తగిలింది. రెండు రోజులు బడికి పంపలేం. క్లాసు టీచరుకు సెలవుచీటీ వ్రాసి పంపాలి. ఇందులో వ్రాయవలసిన సంగతి ఎంత? "వాడు మరీ నీరసంగా ఉన్నాడు, రెండు రోజులు బడికి రాలేడు" అని. అదే ఇంగ్లీషులో చెప్పాలంటే, "హీ ఈజ్ టూ వీక్ టు కమ్ టు స్కూల్ ఫర్ టూ డేస్." నోటితో అనడానికి మనలో చాలామందికి కష్టమేమీ లేదు. కలం కాగితం మీద పెట్టేసరికే వస్తుంది చిక్కు. ఈ ఒక్క వాక్యంలో "టూ" అనే మాట నాలుగుసార్లు వచ్చింది. ఆ నాలుగింటికి స్పెల్లింగులు మూడు రకాలు. "వీక్" అనే మాటకు స్పెల్లింగులు రెండు. ఏది ఎక్కడ వ్రాయాలో తోచక, టీచరమ్మ చూసి నవ్వుతుందేమోనని సంకోచించి, చివరకు ఆ చీటీ ఏ పక్కింటి కాలేజీ అమ్మాయి చేతనో వ్రాయించి కింద సంతకం మాత్రం పెట్టే తల్లులు ఎందరో ఉన్నారు. మన బిడ్డ సంగతి మనం వ్రాసుకోవడానికి అంత మొహమాటం అవసరం లేదు. ఇవాళ ఆ మాటలను గురించే చెప్పుకుందాం. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే మంచిది.

ఇలా వినడానికి ఒక్కలాగే ఉండి, వ్రాతలోను అర్థంలోను వేరయ్యే మాటలను ఇంగ్లీషులో హోమోఫోన్స్ అంటారు. మనకు ఇవి కొత్తగా, కష్టంగా కనిపించడానికి కారణం మన తెలుగే. తెలుగులో చాలావరకు పలికినట్టే వ్రాస్తాం. అందుకని ఏ మాటనైనా చెవితో విని వ్రాయడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంగ్లీషులో ఆ అలవాటు సగం దూరమే తీసుకువెడుతుంది.

ఇంగ్లీషువాళ్ళు కూడా మొదట్లో చాలామటుకు పలికినట్టే వ్రాసుకున్నారు. 1476లో విలియం కాక్స్టన్ అనే ఆయన ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు పుస్తకాలు పెరిగేకొద్దీ మాటల స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి. కాని ఆ తరువాత కూడా జనం నోట ఉచ్చారణ మారుతూనే వచ్చింది. "కలుసుకోవడం" అనే అర్థంలో మీట్, "మాంసం" అనే అర్థంలో మీట్ ఒకప్పుడు వేరువేరుగా పలికేవి. "తెలుసు" అనే అర్థం గల "నో"లో మొదట ఉన్న కె అక్షరాన్ని కూడా అప్పట్లో పలికేవారు. పలుకు పోయింది, అక్షరం మిగిలింది.

ఇది మనకు తెలియని వింతేమీ కాదు. "ఉత్తరం వ్రాయి" అని అచ్చులో చూస్తాం, నోటితో "రాయి" అంటాం. గుమ్మం ముందు పడి ఉండే రాయీ రాయే, ఉత్తరం రాయమనే రాయీ రాయే. వినడానికి తేడా లేదు. ఆ "వ్రా"లోని వకారం వ్రాతలో మాత్రమే కనిపిస్తుంది. ఇంగ్లీషులో వ్రాయడానికి "రైట్" అనే మాట ఉంది చూడండి, డబ్ల్యు-ఆర్-ఐ-టి-ఇ. దానిలో డబ్ల్యు కూడా ఒకనాడు పలికినదే, ఇప్పుడు వ్రాతకే పరిమితం. "సరి అయినది" అనే రైట్‌కు, "కుడి" అనే రైట్‌కు ఆ డబ్ల్యు లేదు. అవి ఆర్-ఐ-జి-హెచ్-టి.

కాబట్టి చెవిని నమ్మి లాభం లేదు. మరి దేన్ని నమ్మాలి? అర్థాన్ని. ఆ అర్థం మనకు ఇంగ్లీషులో తట్టనక్కరలేదు. ముందు ఆ వాక్యాన్ని తెలుగులో అనుకోండి. ఇంగ్లీషులో ఒక్కలాగే వినిపించే మాటలు తెలుగులోకి వచ్చేసరికి విడివిడిగా నిలబడతాయి. అప్పుడు ఏ అర్థానికి ఏ స్పెల్లింగో ఒక చిన్న గుర్తు పెట్టుకుంటే చాలు.

మన సెలవుచీటీ వాక్యమే తీసుకుందాం. "మరీ నీరసం" అన్నప్పటి టూ ఒకటి. "మరీ" అన్నా, "కూడా" అన్నా టి-ఓ-ఓ. మరీ అంటే ఎక్కువ కదా, అందుకే ఓ ఒకటి ఎక్కువ. "రావడానికి", "స్కూలుకి" అన్నప్పుడు టి-ఓ. తెలుగులో ఇది విడి మాట కూడా కాదు, కి అనో కు అనో వెనక అంటుకుని ఉంటుంది. చిన్నది కాబట్టి రెండే అక్షరాలు. ఇక "రెండు రోజులు" అన్న టూ. ఇది టి-డబ్ల్యు-ఓ. ట్వెల్వ్, ట్వంటీ, ట్విన్స్, ట్వైస్ - రెండుతో సంబంధం ఉన్న ఈ మాటలన్నీ టి-డబ్ల్యుతోనే మొదలవుతాయి. వాటిలో డబ్ల్యు వినిపిస్తుంది, టూలో వినిపించదు, అంతే తేడా. ఇక వీక్. నీరసం అయితే డబ్ల్యు-ఇ-ఏ-కె. సరిగా తినని పిల్లవాడే నీరసపడతాడు. తినడానికి "ఈట్", ఇ-ఏ-టి. ఆ ఇ-ఏ నే వీక్‌లోనూ ఉంది. మాంసం అనే మీట్‌లో అయితే ఆ ఈట్ మొత్తం కూర్చుని ఉంటుంది, ఎమ్-ఇ-ఏ-టి. వారం అనే వీక్‌కూ, కలుసుకునే మీట్‌కూ మధ్యలో రెండు ఇలు.

తరువాత "దేర్" అనే మాట. ఇందులో మూడు రకాలున్నాయి. "అక్కడ" అంటే టి-హెచ్-ఇ-ఆర్-ఇ. ఇక్కడ, అక్కడ, ఎక్కడ - ఈ మూడు మాటలూ మనకు ఒకే కుటుంబం. ఇంగ్లీషులో కూడా అంతే. హియర్ అనే హెచ్-ఇ-ఆర్-ఇ లోపల ఉంటుంది. ముందు టి పెడితే అక్కడ, డబ్ల్యు పెడితే ఎక్కడ. చెవితో వినే హియర్ దీనికి చుట్టం కాదు. దానిలో చెవే ఉంది, హెచ్ తరువాత ఇయర్, ఇ-ఏ-ఆర్. రెండవ దేర్ "వాళ్ళ" అనే అర్థంలో వస్తుంది, వాళ్ళ ఇల్లు, వాళ్ళ పొలం. ఇది టి-హెచ్-ఇ-ఐ-ఆర్. ఇందులో టి తీసేస్తే మిగిలేది హెచ్-ఇ-ఐ-ఆర్, అంటే వారసుడు. ఆస్తి మాట వచ్చినచోట వారసుడు ఉంటాడని గుర్తు పెట్టుకోండి. మూడవది "దే ఆర్" అనే రెండు మాటలు కలిసి కురచ అయినది. టి-హెచ్-ఇ-వై, పైన కామాలాంటి అపాస్ట్రఫీ గుర్తు, తరువాత ఆర్-ఇ.

ఈ అపాస్ట్రఫీ మన సంధిలాంటిదే. "వాడు ఎక్కడ" అన్నది "వాడెక్కడ" అయినప్పుడు మధ్యలో ఉకారం లోపిస్తుంది. మనం దానికి గుర్తు పెట్టం. ఇంగ్లీషువాళ్ళు పోయిన అక్షరం ఉన్నచోట ఒక గుర్తు పెడతారు. అందుచేత "ఇట్స్", "యువర్" అనే మాటలు వచ్చినప్పుడు విడదీసి చూడండి. "ఇట్ ఈజ్" అని విడదీస్తే వాక్యం నిలబడుతుందా? అయితే అపాస్ట్రఫీ పెట్టండి. "దాని తోక", "దాని మూత" అన్న అర్థమైతే పెట్టకండి. అలాగే "మీ ఇల్లు" అంటే వై-ఓ-యు-ఆర్, గుర్తు లేదు. "మీరు మంచివారు" అంటే "యు ఆర్", కలిపి వ్రాస్తే గుర్తు ఉంటుంది, చివర ఆర్-ఇ ఉంటుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. "సీత పుస్తకం" అని వ్రాసేటప్పుడు సీత పేరు తరువాత అపాస్ట్రఫీ, ఎస్ పెడతాం. అది చూసి "దాని" అనడానికి కూడా పెట్టేస్తారు. పేర్లకు ఉన్న ఆ పద్ధతి హిజ్, హర్స్, ఇట్స్ అనే సర్వనామాలకు లేదు.

డబ్బు వ్యవహారాల్లోకి వద్దాం. బ్యాంకు అప్పు కాగితాల్లో "ప్రిన్సిపల్" అనే మాట కనిపిస్తుంది. అంటే అసలు, వడ్డీ కానిది. కాలేజీ ప్రిన్సిపాలుగారూ ఆ మాటే. రెండింటికీ చివర పి-ఏ-ఎల్. "అసలు"లో అ ఉన్నది, ఇందులో ఏ ఉన్నది అనుకోండి. సూత్రం, నియమం అనే అర్థం గల ప్రిన్సిపుల్‌కు చివర ఎల్-ఇ. నియమమనే మరో మాట "రూల్"కు కూడా చివర ఎల్-ఇ యే. బ్యాంకు చెక్కును మన దేశంలో సి-హెచ్-ఇ-క్యు-యు-ఇ అని వ్రాస్తారు. లెక్క సరిచూసే చెక్ సి-హెచ్-ఇ-సి-కె. అమెరికాలో ఉన్న మన పిల్లలు బ్యాంకు చెక్కును కూడా రెండవ విధంగానే వ్రాస్తే ఆశ్చర్యపోకండి. అక్కడ అదే పద్ధతి.

బడి తెరిచే రోజుల్లో కాగితాలు, కలాలు కొనే "స్టేషనరీ"లో చివర ఇ-ఆర్-వై, పేపర్ చివర ఇ-ఆర్ ఉన్నట్టే. కదలకుండా ఆగి ఉన్న బండికి వాడే స్టేషనరీ చివర ఏ-ఆర్-వై. "ఆగి"లో ఆ ఉంది కదా. నిజానికి ఇవి రెండూ ఒక తల్లి బిడ్డలే. పూర్వం ఐరోపాలో ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు కాక, విద్యాలయాల దగ్గర ఒకేచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాళ్ళను స్టేషనర్లు అన్నారు. వాళ్ళు అమ్మే సామానుకు ఆ పేరే వచ్చింది.

వంటింట్లోనూ ఇలాంటి జంట ఒకటి ఉంది. గోధుమపిండి ప్యాకెట్టు మీద ఎఫ్-ఎల్-ఓ-యు-ఆర్ అని ఉంటుంది. తలలో పెట్టుకునే పువ్వు ఎఫ్-ఎల్-ఓ-డబ్ల్యు-ఇ-ఆర్. ఇవీ మొదట ఒకటే మాట. విసిరిన పిండిలో మేలైన, మెత్తని భాగాన్ని "గోధుమ పువ్వు" అన్నారట ఇంగ్లీషువాళ్ళు. 1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన ప్రసిద్ధ నిఘంటువులో కూడా వీటికి వేరువేరు స్పెల్లింగులు లేవు. తరువాతనే విడిపోయి స్థిరపడ్డాయి.

ఇంకొక రకం ఉంది. ఇంగ్లీషువాళ్ళ నోట వేరుగా ఉండి, మన నోట మాత్రమే ఒకటైపోయే మాటలు. ళకారం పలకనివాళ్ళు "కళ"ను "కల" అని, అలాగే వ్రాసేస్తారు చూడండి, ఇదీ అంతే. మనకు వ ఒక్కటే. వాళ్ళకు రెండు. పెదవులు గుండ్రంగా చుడితే డబ్ల్యు, పైపళ్ళు కింది పెదవికి ఆనిస్తే వి. అందుకే పడమర దిక్కు, లోపల తొడుక్కునే బనియను మన నోట రెండూ "వెస్ట్" అవుతాయి. దిక్కుకు డబ్ల్యు, బనియనుకు వి. జెడ్ ధ్వనికి మనకు విడి అక్షరం లేదు. అందుచేత వదులు అనే లూస్, పోగొట్టుకోవడం అనే లూజ్ కలిసిపోతాయి. వదులుకు రెండు ఓలు. పోగొట్టుకున్నప్పుడు ఒక ఓ పోయింది, ఎల్-ఓ-ఎస్-ఇ. ధర అనే ప్రైస్, బహుమతి అనే ప్రైజ్ కూడా ఇలాంటివే. ధరలో బియ్యం ఉంది. రైస్ అనే ఆర్-ఐ-సి-ఇ ముందు పి పెడితే ధర. జెడ్ పెట్టి వ్రాస్తే బహుమతి.

ఇప్పుడు ఫోనులో వ్రాస్తే తప్పుల కింద ఎర్రగీత వస్తోంది కదా, ఇవన్నీ ఎందుకని అడగవచ్చు. ఆ గీత అసలు లేని మాటను బాగా పట్టుకుంటుంది. కాని "నీరసం"కు బదులు "వారం" అని వ్రాస్తే, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కనుక చాలాసార్లు ఊరుకుంటుంది. మనం చెప్పదలచినదేమిటో మనకు తెలిసినంత బాగా దానికి తెలియదు.

పిల్లలకు ఇవి నేర్పేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలు చాలు. జంటలోని రెండు మాటలూ ఒకే రోజు నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండవది చెప్పండి. డిక్టేషను ఇచ్చేటప్పుడు విడి మాట అనకండి. "దేర్" అని ఊరుకుంటే పెద్దవాళ్ళు కూడా తడబడతారు. మొత్తం వాక్యం చదవండి, ఏ అర్థమో తెలుగులో వాళ్ళ చేత చెప్పించండి, తరువాతనే వ్రాయమనండి. వ్రాసినది తప్పయితే స్పెల్లింగు అందించకుండా, "ఇక్కడ అక్కడ అనా, వాళ్ళ అనా?" అని ఒక్క ప్రశ్న వేయండి. చాలాసార్లు వాళ్ళే దిద్దుకుంటారు. ఇంగ్లీషు తమకు అంతగా రాదని పిల్లల చదువు దగ్గరకు రాని తల్లులు కూడా ఈ ప్రశ్న వేయగలరు. అది అడగడానికి కావలసింది తెలుగు, అది మన దగ్గర పుష్కలంగా ఉంది.

వంటింటి అలమరలో పద్దుల పుస్తకం ఉంటుంది కదా. దాని చివరి రెండు పేజీలు వీటికి కేటాయించి, వారానికి ఒక జంట చొప్పున, పక్కన తెలుగు అర్థం, మీకు తోచిన గుర్తుతో సహా వ్రాసుకోండి. నేను చెప్పిన గుర్తులే ఉండాలని లేదు. మీరు కల్పించుకున్నవైతే ఇంకా బాగా నిలుస్తాయి.