వెల్లంపల్లికి ముందు పదిహేను నెలలు

ఈ ధర్మనిధి ఏ పాస్టరుగారి పేరిట వెలిసిందో, ఆయన ఆదివారం ప్రసంగాన్ని కూలి రేట్లతోనో అప్పు వడ్డీతోనో మొదలుపెట్టేవారు. ఒక వానాకాలం ఈ ఉపన్యాసకుడికి తన గొడుగు ఇచ్చి, తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఇక విషయానికి వద్దాం.

ఒంగోలు బాప్టిస్టు మిషన్ కథ సభకు తెలిసిందే. 1866లో మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరడం, తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందడం, మాదిగపల్లెల్లో ఆయన బోధ, అన్నీ పుస్తకాలకెక్కాయి. మళ్లీ చెప్పనక్కర్లేదు.

చెప్పవలసింది పాత పేచీ గురించి. 1876-78 కరువులో తిండి కోసమే వేలమంది కిరస్తానం పుచ్చుకున్నారని వ్యాసాల్లోనూ, వేదికల మీదా ఇప్పటికీ అనేస్తుంటారు. అనేముందు తేదీలు చూడాలి.

క్లౌ యవ్వనంలో సర్వేయరు. కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలీలు మట్టి తవ్వి కూలి పుచ్చుకున్నారు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆగిన వేళల్లో గుంపుల మధ్య కూర్చుని మాట్లాడేవారు. కడుపు కోసం కలిశారనడానికి ఇంతకంటె అనువైన చోటు ఉండదు, నిజమే. క్లౌకూ అదే అనుమానం. అందుకే సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం డబ్బు ఆగాకే తలుపు తీశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు; క్లౌ నీళ్లలోకి దిగలేదు.

దీనికీ ప్రత్యర్థుల దగ్గర ఒక జవాబుంది: కూలి ఆగినా ఆశ ఆగదు కదా, మళ్లీ కరువొస్తే దొర ఆదుకుంటాడనుకోరా? అనుకుని ఉండొచ్చు. ఆశ పూర్తిగా లేదని ఈ ఉపన్యాసకుడు వాదించడు. కానీ ఆశ లెక్క వేసేవాళ్లు నష్టం లెక్కా వెయ్యాలి. కలిసినవాళ్లకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం మానాలి, విగ్రహాలకు మొక్కడం మానాలి. మాదిగకు మూడూ బతుకుతెరువు మీద పడేవే. ఊరి పెద్ద వెట్టికి పిలిచినప్పుడు ‘ఇవాళ ఆదివారం, రాను’ అనడం, జాతరకు డప్పు కొట్టననడం ఊరితో వైరమే. కళ్లంలో అందే గింజలకే ఎసరు. 1914లో అచ్చయిన క్లౌ జ్ఞాపకాల గ్రంథం ఈ వేధింపుల గురించి చెబుతుంది. గింజల కోసమే వచ్చినవాడు గింజలు పోగొట్టుకునే షరతుకు ఎందుకు తలొగ్గాడు? దీనికి ప్రత్యర్థులు జవాబు చెప్పాలి.

చిక్కల్లా సాక్ష్యం దగ్గరుంది. పేరయ్య మాటలు కూడా మనకు క్లౌ దంపతుల ఇంగ్లీషు పుస్తకాల గుండానే చేరాయి. గుండ్లకమ్మలో నిలబడ్డ ఆరుగురు మర్నాడు పల్లెకు వెళ్లి డప్పు సంగతి, అప్పుల సంగతి, పెళ్లి ఖర్చుల సంగతి ఏం బోధించారో వాళ్ల సొంత మాటల్లో దొరకాలి. ఈ ఉపన్యాసకుడు ప్రస్తుతం చేస్తున్నది ఆ వెతుకులాటే. పాత పాస్టర్ల ప్రసంగాల నోటుపుస్తకాలు, సంఘం మినిట్సు, బాప్తిస్మం రిజిస్టర్లు, ముసలివాళ్ల నోటి కథలు, ఏవైనా సరే. చెదలు పట్టినా పారెయ్యకండి. సభ ముగిశాక ఈ ఉపన్యాసకుడు గుమ్మం దగ్గరే ఉంటాడు. మీ ఊరి పేరు, ఇంట్లో ఉన్న పుస్తకం సంగతి చెప్పి వెళ్లండి.