గుండె వైద్యములో నిర్లక్ష్యము: న్యాయము పొందు మార్గము

(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఏ గ్రామమునకు వెళ్లినను, సభ ముగిసిన తరువాత ఎవరో ఒకరు మమ్ము ప్రక్కకు పిలిచి అడుగు ప్రశ్న ఒకటున్నది. "అయ్యా, మా నాయనకు గుండెలో నొప్పి వచ్చినది. రెండెకరములు తాకట్టు పెట్టి పట్నము తీసికొనిపోయినాము. తన కాళ్లపై నడచి ఆసుపత్రి మెట్లెక్కిన మనిషి తిరిగి రాలేదు. ఇది విధియా, వైద్యుల తప్పా? తప్పే అయినచో మాబోటి వారి మాట వినువారెవరు?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పుట సాధ్యము కాదు. అందుచేత నేడు ఈ విషయమునే మీతో ముచ్చటింపదలచినాము.

ముందుగా గుండెపోటు అనగా ఏమో తెలిసికొందము. గుండె కండరమునకు రక్తము నందించు నాళములో గడ్డ ఏర్పడి దారి మూసికొనిపోవుటయే గుండెపోటు. కాలువకు అడ్డుపడినచో క్రింది మడులు ఎండినట్లు, రక్తము అందని కండరము క్రమముగా చచ్చిపోవును. ఎండిన పైరు మరునాడు నీరు వదలినను మరల పచ్చబడదు. గడ్డను కరిగించు ఇంజెక్షను ఇచ్చి గాని, సన్నని గొట్టమును నాళములోనికి పంపి బుడగతో దారి తెరచి స్టెంటు అమర్చి గాని రక్తమును మరల పారించవలెను. ఈ పని ఎంత త్వరగా జరిగిన అంత మేలు. కనుకనే ఛాతీ నొప్పితో వచ్చిన రోగికి పది నిమిషములలో ఇ.సి.జి. తీయవలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మొదటి ఇ.సి.జి.లో ఏమియు కనబడకపోయినను, అనుమానమున్నచో మరల తీయవలెను.

ఇప్పుడు రెండిండ్లను ఊహించుకొందము. మొదటి ఇంటి పెద్దకు అరువది ఏండ్లు. నొప్పి రాగానే ఆసుపత్రికి చేర్చినారు. వెంటనే ఇ.సి.జి. తీసినారు, గుండెపోటని గుర్తించినారు, ఇంజెక్షను ఇచ్చినారు, చీటీ వ్రాసి అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపినారు. ఆయన దారిలో మరణించినాడు. రెండవ ఇంటి యజమాని నలువది ఐదేండ్ల కూలి. రాత్రివేళ ఛాతీ నొప్పి, ఎడమ చేతి లాగుడు, ఒళ్లంతా చెమటలు. పరీక్ష చేయకయే గ్యాసు అని చెప్పి ఒక సూది వేసి ఇంటికి పంపినారు. తెల్లవారక ముందే అతడు మరణించినాడు.

మొదటి ఇంటి దుఃఖము రెండవ ఇంటి దుఃఖము కంటె తక్కువది కాదు. కాని న్యాయము ఈ రెండింటిని వేరుగా చూచును. రోగి మరణించినంత మాత్రమున, ఆపరేషను ఫలింపనంత మాత్రమున వైద్యుడు దోషి కాడు. దేశములో కెల్ల గొప్ప వైద్యుని నేర్పును ప్రతి వైద్యుని నుండి చట్టము కోరదు. ఆ విద్య నేర్చిన సామాన్య వైద్యుడు అట్టి స్థితిలో చూపవలసిన శ్రద్ధను ఇతడు చూపినాడా, లేదా? ఇదియే ప్రశ్న. 1957లో ఇంగ్లండులోని ఒక న్యాయస్థానము చెప్పిన ఈ కొలబద్దను మన సుప్రీంకోర్టు 2005లో ఆమోదించినది. మొదటి ఇంట ఆ శ్రద్ధ కనబడుచున్నది. రెండవ ఇంట కనబడుట లేదు. అయినను రెండవ ఇంటివారు మరియొక మెట్టు ఎక్కవలెను. ఆ లోపము వలననే నష్టము కలిగినదని కూడ వారు చూపవలెను.

ఇంటికి పంపివేయుట ఒక్కటే కాదు, గుండె వైద్యములో ఇతర లోపములు కూడ కలవు. ఒక విద్యలో అర్హత పొందినవారు తాము నేర్వని మరియొక వైద్య విధానములో మందులిచ్చుట నిర్లక్ష్యమే యని 1996లో సుప్రీంకోర్టు చెప్పినది. ఏ అర్హతయు లేనివారి సంగతి వేరుగ చెప్పనక్కర లేదు. గుండె నొప్పి వచ్చినప్పుడు ఊరిలోని సూది మందుతో సరిపెట్టుకొని గంటలు పోగొట్టుకొనరాదు. 108కి కబురు చేయుడు.

రెండవది రోగి సమ్మతి. యాంజియోగ్రాము అనునది నాళములను చూచు పరీక్ష. స్టెంటు అమర్చుట చికిత్స. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాజాలదనియు, ప్రాణాపాయము తప్పించుటకు వెంటనే చేయక తప్పని స్థితి మాత్రమే దీనికి మినహాయింపనియు సుప్రీంకోర్టు 2008లో మరియొక వ్యాధికి సంబంధించిన కేసులో నిర్ణయించినది. రెండింటికి కలిపి ముందుగానే సమ్మతి తీసికొనవచ్చును. అప్పుడు రెండింటిని గూర్చి ముందే వివరింపవలెను. కనుక ఆసుపత్రివారు కాగితముపై వ్రేలిముద్ర గాని సంతకము గాని అడిగినప్పుడు, "ఇది దేనికి? ఇందులో అపాయమేమి? వేరే మార్గమున్నదా?" అని అడిగి తెలిసికొనుడు. అడుగుట మీ హక్కు. చెప్పుట వారి విధి.

ఈ విషయములో మన హైదరాబాదు కేసు ఒకటి చెప్పదగినది. 1990లో ఇరువది ఏండ్ల ఇంజనీరింగు విద్యార్థికి ఛాతీలో గడ్డ ఉన్నదని ప్రసిద్ధమైన ఒక వైద్యసంస్థలో గుండె, ఛాతీ శస్త్రవైద్యుడు ఆపరేషను చేసినాడు. దాని తరువాత ఆ యువకుని నడుము క్రింది భాగము చచ్చుబడినది. గడ్డ వెన్నుపాము దరిని ఉన్నను నరముల శస్త్రవైద్యుని తోడు తీసికొనలేదనియు, ముక్క తీసి పరీక్షించుటకు ఇచ్చిన సమ్మతితో గడ్డనంతటిని తొలగించినారనియు న్యాయస్థానము తప్పుపట్టినది. జాతీయ వినియోగదారుల కమిషను ఇచ్చిన పరిహారమును సుప్రీంకోర్టు 2009లో కోటి రూపాయలకు పెంచినది. ఆ యువకుడు చక్రముల కుర్చీలో కూర్చుండియే తన కేసును తాను వాదించుకొన్నాడు. అయితే ఆపరేషనుకు, తుది తీర్పునకు నడుమ దాదాపు పందొమ్మిది ఏండ్లు గడచినవి. ఈ జాప్యమును మేము మీ నుండి దాచము. న్యాయమునకు దారి కలదు. ఆ దారి చిన్నది మాత్రము కాదు.

ఇక ఎక్కడికి పోవలెను? వినియోగదారుల రక్షణ చట్టము 1986లో వచ్చినది. వైద్యము కూడ ఆ చట్టము క్రిందికి వచ్చు సేవయే యని 1995లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. నేడు అమలులో ఉన్నది 2019 నాటి చట్టము. పేదలు గమనింపవలసిన మాట ఒకటి 1995 తీర్పులో ఉన్నది. కొందరి వద్ద రుసుము తీసికొని కొందరికి ఉచితముగా వైద్యము చేయు ఆసుపత్రిలో, ఉచితముగా వైద్యము పొందినవాడు కూడ ఫిర్యాదు చేయవచ్చును. ఎవరి వద్దను ఏమియు తీసికొనక అందరికి ఉచితముగా చేయు ఆసుపత్రి మాత్రము ఈ చట్టము క్రిందికి రాదు. అట్టి చోట సివిలు కోర్టు దారి ఉన్నది.

ఫిర్యాదును మీరు నివసించు జిల్లాలోని కమిషను నందే చేసికొనవచ్చును. సేవకు చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలకు మించనిచో జిల్లా కమిషనే వినును. ఆ సొమ్ము 5 లక్షలకు లోపుగా ఉన్నచో రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొనకయే మీ మాట మీరు చెప్పుకొనవచ్చును. కాని గడువు రెండేండ్లు మాత్రమే. ఏడ్చుచు కూర్చున్నచో గడువు ఆగదు.

కొందరు ముందుగా పోలీసు స్టేషనుకు పోవుదురు. వైద్యునిపై నేరము మోపుటకు సాధారణమైన పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యము కనబడవలెనని సుప్రీంకోర్టు 2005లో చెప్పినది. ముందుగా నిష్పాక్షికుడైన వైద్యుని అభిప్రాయము తీసికొనవలెననియు ఆదేశించినది. ఆ ఇంటివారికి పరిహారము కావలెనన్నచో వినియోగదారుల కమిషనే తగిన చోటు.

మరి కొందరు దుఃఖము పట్టలేక ఆసుపత్రి అద్దములు పగులగొట్టుదురు, వైద్యునిపై చేయి చేసికొందురు. ఇట్టి దౌర్జన్యమును శిక్షించుటకు మన రాష్ట్రములో 2008లో చట్టము చేయబడినది. అద్దము పగిలినందువలన పోయిన ప్రాణము రాదు. బాధితుడు ముద్దాయి యగును. మరునాడు గుండెపోటుతో వచ్చువానికి వైద్యుడు దొరకడు.

చివరిగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఇట్టి కేసులు కన్నీటిపై నిలువవు, కాగితములపై నిలుచును. ఇ.సి.జి. చీటీ, దానిపై గంట నిమిషములు, మందుల చీటీలు, యాంజియోగ్రాము సి.డి., సమ్మతి పత్రము, బిల్లులు, డిశ్చార్జి కాగితము: వీనిని భద్రముగా దాచుకొనుడు. రోగి గాని అధికారము పొందినవారు గాని కోరినచో 72 గంటలలో వైద్య రికార్డులు ఇవ్వవలెనని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెప్పుచున్నది. ఆ రికార్డులను మూడేండ్లు ఉంచుట వైద్యుల విధి. అడుగునప్పుడు నోటిమాటగా గాక, వ్రాతపూర్వకముగా అడిగి రసీదు పుచ్చుకొనుడు. తరువాత ఆ కాగితములను మరియొక గుండె వైద్యునికి చూపి అభిప్రాయము తీసికొనుడు. తప్పు లేదని ఆయన వివరించినచో మీ మనస్సునకు శాంతి కలుగును. ఉన్నదని చెప్పినచో మీ ఫిర్యాదునకు బలము కలుగును.

మనలో చదువు వచ్చిన యువకులు ఈ పనిలో ఇరుగుపొరుగు వారికి తోడు నిలువవలెను. సాగుభూమి పట్టా ఎక్కడున్నదో ఇంటిలో అందరికి తెలియును. నాయన గుండె కాగితములు ఎక్కడున్నవో కూడ అంత బాగుగ తెలియవలెను. శ్రద్ధతో వైద్యము చేసినవానికి ఆ కాగితములే రక్షణ. శ్రద్ధ లేక ప్రాణము పోగొట్టుకొన్న ఇంటికి ఆ కాగితములే సాక్షి.