నోటి పరిశుభ్రత, దేహమనే అమానత్

 



దైవప్రవక్త (సల్లం) ఇహలోకాన్ని వీడిన ఘడియలను గురించి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన ఆమె ఎదకు ఆనుకుని ఉన్నారు. ఆమె సోదరుడు అబ్దుర్రహ్మాన్ (రజి) మిస్వాక్‌తో లోనికి వచ్చారు. ప్రవక్త (సల్లం) చూపు ఆ పుల్లపై నిలిచింది. ఆయిషా (రజి) ఆయన కోరికను గ్రహించి, దానిని నమిలి, మెత్తబరచి అందించారు. వ్యాధి తీవ్రత వల్ల శక్తి సన్నగిల్లిన ఆ స్థితిలోనూ ఆయన పళ్లు చక్కగా తోముకున్నారు. మరికొద్దిసేపటికే తన ప్రభువు సన్నిధికి చేరుకున్నారు.

తన సమాజానికి కష్టం కాగలదన్న సంకోచమే లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను తప్పనిసరి చేసి ఉండేవాడినని చెప్పింది కూడా ఆయనే. మనమో, ఈ సున్నత్‌ను రమజాన్ మాసానికీ, హజ్ నుంచి వచ్చిన బంధువులు ఖర్జూరాలతో పాటు ఇచ్చే కానుకకూ పరిమితం చేశాం. ఒక జేబులో మిస్వాక్, మరో జేబులో గుట్కా పొట్లం! ఈ రెండూ ఒకే చొక్కాలో ఎలా ఇముడుతున్నాయో మనమే ఆలోచించుకోవాలి.

నేడు ఈ అంశాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మిస్వాక్ చేస్తే మెదడులో రక్తనాళాలు చిట్లవని విజ్ఞానశాస్త్రం రుజువు చేసిందనే సందేశాలు మన ఫోన్లలో తిరుగుతుంటాయి. అందిన వార్తను విచారించి నిర్ధారించుకోమని హుజురాత్ సూరా మనల్ని ఆదేశిస్తున్నది. మన ధర్మాన్ని పొగిడే వార్తకు ఈ ఆదేశం నుంచి మినహాయింపు లేదు. కనుక విషయాన్ని ఉన్నదున్నట్టు తెలుసుకుందాం.

మెదడుకు రక్తాన్ని చేరవేసే ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బడాన్ని ఎన్యూరిజం అంటారు. పెద్దవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుంది. అత్యధికుల్లో ఎన్నడూ పగలదు. పగిలితే మాత్రం ప్రాణాపాయమే. 2013లో ఫిన్లాండ్‌లోని టాంపెరేకు చెందిన పరిశోధకులు ఎన్యూరిజం గోడల నుంచి తీసిన 36 నమూనాలను పరీక్షించిన ఫలితాలను ప్రకటించారు. వాటిలో 21 నమూనాల్లో బ్యాక్టీరియా డీఎన్‌ఏ కనిపించింది. అందులో అధికభాగం పుచ్చిన పళ్ల మూలాల్లో, వ్యాధిగ్రస్తమైన చిగుళ్లలో నివసించే బ్యాక్టీరియాదే.

ఇది ఆలోచింపజేసే విషయమే. అయితే డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన ఆ ఉబ్బును ఆ బ్యాక్టీరియాయే కలిగించిందని తేలదు. రక్తంలో ప్రవహిస్తూ, అప్పటికే దెబ్బతిన్న గోడలో అది చిక్కుకుని ఉండవచ్చు. పైగా పొగాకు చిగుళ్లనూ పాడుచేస్తుంది, ధమనులనూ పాడుచేస్తుంది. అలాంటప్పుడు రెండు వ్యాధులూ ఒకే మనిషిలో కనిపించడం సహజం. సంబంధం ఉండవచ్చు, రుజువు కాలేదు.

రుజువైన దారి మరొకటి ఉంది, అది అరుదైనది. చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరిన బ్యాక్టీరియా, ముందే దెబ్బతిన్న గుండె కవాటంపై స్థిరపడి, అక్కడి నుంచి తునకలుగా మెదడు ధమనులకు చేరి గోడను తొలిచివేయగలదు. గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌కూ ధమనుల ఉబ్బుకూ గల ఈ సంబంధాన్ని విలియం ఆస్లర్ అనే వైద్యుడు 1885లోనే లండన్‌లో వివరించాడు. కనుక కవాటం మార్పిడి జరిగినవారు, గతంలో ఈ ఇన్ఫెక్షన్ సోకినవారు పన్ను తీయించుకునే ముందు ఆ సంగతిని దంతవైద్యునికి తప్పక చెప్పాలి. ముందుగా మందు వేసుకోవలసి రావచ్చు.

సోదరులారా! రుజువు కాని మాటను రుజువైనదని చెప్పడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మిస్వాక్ ఉంది కదా అని ఒకరు రక్తపోటు మాత్రలు మానేస్తే, ఆ పాపంలో సందేశం పంపినవారికీ వాటా ఉంటుంది. ఎన్యూరిజం పగలడానికి రక్తపోటూ, పొగతాగడమూ నిర్ధారితమైన కారణాలు. పిడుగు పడినట్టు ఒక్కసారిగా, మునుపెన్నడూ ఎరుగనంత తీవ్రమైన తలనొప్పి వస్తే, దిష్టి అనో పైత్యమనో ఇంట్లో కూర్చోబెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చికిత్స చేయించుకోమని ప్రవక్త (సల్లం) స్పష్టంగా ఆదేశించారు. దేహానికి మనపై హక్కు ఉందన్న హజ్రత్ సల్మాన్ (రజి) మాటను ఆయన ధ్రువీకరించారు.

పంటి నొప్పిని మాత్రలతో నెలల తరబడి అణచిపెట్టేవారు మన వరుసల్లోనే ఉన్నారు. ఖర్చుకు జంకేవారు కొందరైతే, రోజా భంగమవుతుందని వాయిదా వేసేవారు మరికొందరు. పగలు సందేహమైతే ఇఫ్తార్ తర్వాత వెళ్లవచ్చు. ఖర్చు భరించలేని పొరుగువాని పన్ను కూడా మన సదఖాకు అర్హమైనదే. ఇంట్లో స్త్రీల నొప్పిని అందరికంటే ఆలస్యంగా పట్టించుకోవడం మన వాడలలో ఆనవాయితీ అయింది. అబ్దుర్రహ్మాన్ (రజి) చేతిలోని పుల్ల వైపు చూసిన చూపులోని అక్కరను ఆయిషా (రజి) అడగకుండానే కనిపెట్టారు. మన ఇంట్లో ఒకవైపు మాత్రమే నమిలి తింటున్న తల్లిని మనం కనిపెట్టామా?

ఓ అల్లాహ్! ఈ మహల్లాలో రోగశయ్యపై ఉన్నవారికి సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. చికిత్సకు స్తోమత లేనివారికి నీ ఖజానా నుంచి మార్గం చూపు. మా నాలుకలను అసత్యం నుంచి కాపాడు. ఆమీన్.