సాయంకాలపు ఆకలి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభయందు పురాణమును గూర్చియో, ప్రబంధమును గూర్చియో వినగోరి వచ్చినవారికి చిరుతిండ్లను గూర్చిన ప్రసంగము కొంత చులకనగా తోపవచ్చును. కాని పల్లెటూరి గ్రంథాలయమున జనము కూడునది సాయంకాలము నాలుగు గంటలకు. బడి విడిచిన పిల్లలు, పొలమునుండి మరలిన రైతులు వచ్చు వేళ అదియే. మధ్యాహ్న భోజనము అరిగిపోయి, రాత్రి భోజనమునకు ఇంకను మూడు నాలుగు గంటల వ్యవధి మిగిలియుండు ఆ వేళ కడుపు తన పద్దు తానే విప్పి చూపును. ఆ పద్దునకు ఏమి జమ కట్టవలెనన్నదే ప్రస్తుత విషయము. నూనె వ్రేళ్ళతో త్రిప్పబడిన పుస్తకపు పుటలు వెలుతురునకు పట్టి చూచినచో గాజుపలకలవలె అగపడును. కావున చిరుతిండికిని గ్రంథాలయమునకును ఏమి సంబంధమని ప్రశ్నించువారు ఒకటి రెండు కథల పుస్తకములను తెరచి చూడవచ్చును.

ముందుగా ఆకలి నిజమైనదా కాదా అని తెలియవలెను. మునుపు తిన్నది జీర్ణమైన పిమ్మటనే మరల భుజింపవలెనని చరకసంహిత విమానస్థానమున విధింపబడినది. అరుగుదలకు ముందే నోటికి తోచినది ఆకలి కాదు, అలవాటు. ఎండలో తిరిగి వచ్చినవానికి దాహమే ఆకలివలె తోచుటయు కలదు. అట్టివాడు చెంబెడు నీళ్ళో, పలుచని మజ్జిగయో త్రాగి కొంతసేపు కూర్చుండిన నిజము తేలును. అయినను పొలమున వంగి లేచిన కూలివానికి, ఎదుగుచున్న పిల్లవానికి, చూలాలికి నాలుగు గంటల ఆకలి నిజమైన ఆకలియే. దానిని అణచిపెట్టుట తగదు. ఏదో యొకటి పడవేసి నోరు మూయించుటయు తగదు.

ఈ ఆకలికి పూర్వులు కనుగొన్న మందులు కావ్యములందును చోటు సంపాదించుకొన్నవి. భాగవత దశమస్కంధమున కుచేలుడు ద్వారకకు పోవునపుడు ఇల్లాలు కొంగున ముడివైచి యిచ్చినవి అటుకులు. భక్తులు ఆ ఘట్టమున భక్తిని చూతురు. గృహస్థులు ఇంకొకటి కూడ చూడవచ్చును: పొయ్యి వెలిగింప నక్కరలేక, దారిలో చెడిపోక, నీళ్ళు చిలికినంతనే మెత్తబడి కడుపు నింపు వస్తువు ఆ పేదయింట సిద్ధముగా నుండెను. ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుడు వేసవిలో అతిథులకు వడ్డించిన పదార్థములలో చెరకురసము, ఎలనీరు, పండ్లు మొదలగువానితో పాటు అంబలియు కలదు. చక్రవర్తియైన శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యమున అంబలిని పేర్కొనుటకు సిగ్గుపడలేదు. నేడు అతిథి ముందు అంబలి పెట్టుటకు సిగ్గుపడువారు అనేకులు. శ్రీనాథునివని ప్రసిద్ధికెక్కిన చాటువులలో పల్నాటి జొన్నకూడు ఎగతాళి పాలైనది. సన్నన్నమునకు అలవడిన కవిసార్వభౌమునికి అది రుచింపలేదు. ఆ మహాకవికి ఆరు వందల యేండ్ల తరువాత ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది. జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ మరల పెద్దల పంక్తిలో కూర్చున్నవి.

పూర్వపు చిరుతిండ్లను పరీక్షించినచో ఒక విశేషము కనబడును. వానిలో పెక్కింటికి నూనెతో పనిలేదు. ఉప్పుడుబియ్యమును కాగిన ఇసుకలో వేసి కలియబెట్టినంతనే మరమరాలై పొంగును. రాయలసీమవారు వానినే బొరుగులందురు. జొన్నగింజ లోపలి తేమ వేడికి ఆవిరియై, పై పొరను పగులగొట్టి పేలమగును. శనగలను నానవైచి వేయించి పొట్టు తీసినచో పుట్నాలపప్పు. నానవైచి ఉడికించి పోపు పెట్టినచో గుగ్గిళ్ళు. ఆ పోపునకు పట్టునది చెంచాడు నూనె మాత్రమే. ఇసుక, నీరు, నిప్పు, వీనితోనే పని నెరవేరినది.

పండుగలను చూచినను ఇదియే. తొలి ఏకాదశికి పేలపిండి, శ్రీరామనవమికి వడపప్పు, శ్రావణమాసపు నోములకు నానిన శనగల వాయనము, నాగులచవితికి నువ్వుల చిమ్మిలి. బూరెలు, గారెలు, అరిసెలు లేకపోలేదు. కాని అవి ఏటికి కొలది దినములు మాత్రమే బాణలి ఎక్కెడివి. నేటి చిక్కు గారెలో లేదు, ప్రతిదినమును పండుగ చేయుటలో నున్నది.

బడ్డీకొట్టుకు వ్రేలాడు రంగుపొట్లములను గూర్చి నాలుగు మాటలు. పిల్లవాడు బడినుండి రాగానే చేతిలో పది రూపాయలు పెట్టి పంపుట అనేక గృహములలో ఆచారమైనది. తల్లికి పని తప్పును, పిల్లవానికి సంతోషము కలుగును. పొట్లము విప్పినచో గాలియే అధికము. ఉన్న బంగాళాదుంప రేకుల తూకములో ఇంచుమించు మూడవ వంతు నూనె, పైని ఉప్పు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ (1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదునకు తరలినది ఇదియే) 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో దినమునకు మనిషికి ఉప్పు 5 గ్రాములు మించరాదని చెప్పినది. కూరలోను, పచ్చడిలోను ఆ కొలత తీరిపోయిన యింట పొట్లపు ఉప్పంతయు మిగులుబాకీయే. అదే పది రూపాయలకు నేటి ధరలలో పుట్నాలపప్పు రెండు మూడు గుప్పెళ్ళు వచ్చును.

అయినను పొట్లము కొననే కూడదనుట లోకమున చెల్లు మాట కాదు. ప్రయాణమున వేరొకటి దొరకకపోవచ్చును. అప్పుడు అక్షరము నేర్చినవారు చేయవలసిన పని యొకటి కలదు. పొట్లపు ముందు భాగమున నున్నది బొమ్మ. వెనుక సన్నని అక్షరములలో నున్నది సత్యము. అందలి వస్తువుల పేర్లను తూకములో ఎక్కువైన దానినుండి తక్కువైన దానికి వరుసగా వ్రాయవలెనని చట్టము. మొదటి మూడు పేర్లలో మైదా, చక్కెర, తాటినూనె ఉన్నచో ముందున్న గోధుమ కంకి బొమ్మకు ఎంత విలువ ఈయవలెనో చదువరులే నిర్ణయింపవచ్చును. ప్రబంధములకు ప్రతిపదార్థము వ్రాసికొనగలవారికి ఇది పెద్ద శ్రమ కాదు.

సాయంకాలపు బజ్జీలబండి సంగతి వేరు. అక్కడ వ్రాత లేదు, చూపే ప్రమాణము. ఒకే నూనెను మాటిమాటికి కాచినచో అది విరిగి హానికరమైన పదార్థములు పేరుకొనును. అట్టి పదార్థములు నూటికి 25 పాళ్ళు మించిన నూనెను వాడరాదని ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2018 జూలై నుండి నియమము చేసినది. కొనువాని చేతిలో కొలుచు యంత్రము లేదు. నూనె నల్లబడి చిక్కనై, నురుగు కట్టి, గొంతు గరగరలాడునట్లు పొగ విడుచుచున్నచో ఆ బండిని దాటిపోవుటకు యంత్రమక్కరలేదు.

ఇక ఇంటి తిండి అయినంత మాత్రమున అంతయు గుణమే అనుకొనరాదు. మరమరాలను ఒంటరిగా తినుట చిల్లుకుండలో నీరు పోయుటవంటిది. అవి తేలికగా అరిగి గంట తిరుగకమునుపే ఆకలిని మరల పిలుచును, రక్తములోని చక్కెరను వేగముగా పెంచును. వానితో గుప్పెడు పుట్నాలపప్పో, వేరుశనగపప్పో, తరిగిన ఉల్లి, టమాట, నిమ్మరసమో కలిపినచో కథ మారును. 30 గ్రాముల పుట్నాలపప్పులో ఇంచుమించు 6 గ్రాముల మాంసకృత్తులుండును. అంతే తూకముగల వేరుశనగలో 7 గ్రాములకు పైబడియుండును. కాని దానిలో నూనె మెండు గనుక ఆ గుప్పెడే 170 క్యాలరీల వరకు ఇచ్చును. అరక దున్నినవానికి రెండు గుప్పెళ్ళు తగును, అరుగుమీద కూర్చున్నవానికి ఒకటి చాలును.

వేరుశనగ విషయమున ఒక హెచ్చరిక. 1960లో ఇంగ్లండున వేలకొలది టర్కీకోళ్ళు హఠాత్తుగా చచ్చినవి. కారణమును శోధింపగా, వానికి మేపిన వేరుశనగపిండిలో బూజువలన పుట్టిన విషమున్నదని తేలినది. ఆ విషమునకు ఆఫ్లటాక్సిన్ అని పేరు. అది కాలేయమునకు శత్రువు. వేయించినను, ఉడికించినను అది పూర్తిగా పోదు. కావున ముడుతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, చేదుగా నున్నవి అగు గింజలను ఏరి పారవేయవలెను. పశువుల కుడితిలోను కలుపరాదు. కాయలను బాగుగా ఎండబెట్టి తేమ తగులని చోట ఉంచవలెను. నాలుగైదేండ్ల లోపు పసివారికి గింజలను గింజలుగా ఈయరాదు. ఊపిరిగొట్టమున అడ్డుపడి ప్రాణము మీదికి వచ్చును. వారికి పొడిచేసియో, మెత్తగా నూరియో పెట్టవలెను.

బెల్లమును గూర్చి కూడ నిజము చెప్పవలసియున్నది. పప్పుండలు, నువ్వుండలు, సున్నుండలు మిఠాయి కొట్టు సరకుకన్న ఎంతయో మేలు. నువ్వులలో సున్నపు ధాతువు సమృద్ధి, అందులో కొంత పైపొట్టు కారణమున ఒంటికి పట్టకపోయినను. రాగిలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. పాలలో అది సుమారు 120. అంతవరకు బాగే. కాని బెల్లము చక్కెరకు తోబుట్టువు. మధుమేహ రోగి బెల్లము గదా అని రెండుండలు తినిన ఒళ్ళు ఆ భేదమును గుర్తింపదు. భారత వైద్య పరిశోధనా మండలి పర్యవేక్షణలో జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన దేశమున 10 కోట్ల మందికి పైగా మధుమేహ రోగులున్నారని అంచనా కట్టినది. అట్టివారికి గుగ్గిళ్ళు, మొలకెత్తిన పెసలు, మజ్జిగ, దోరజామకాయ తగినవి. మొలకలను పిల్లలకు, గర్భిణులకు పచ్చిగా గాక ఆవిరిపై కొంచెము ఉడికించి పెట్టుట క్షేమము. జామలో సి విటమిను నారింజకన్న పలురెట్లు అధికము; పెరటిచెట్టు కాయ గనుక దానికి గౌరవము తక్కువ. కాలము ననుసరించి తాటిముంజలు, తేగలు, రేగుపండ్లు, ఉడికించిన చిలగడదుంపలు, కాల్చిన మొక్కజొన్నపొత్తులు ఉండనే యున్నవి.

చివరగా ఇంటి ఇల్లాలి సంగతి. ఇది అన్నిటికన్న ముఖ్యము. సాయంకాలము పిల్లల చేతులలో ఏదో పెట్టి, మగనికి పళ్ళెములో వడ్డించి, తాను ఖాళీకడుపున గ్లాసెడు టీ త్రాగి పొయ్యి వెలిగించు స్త్రీలు ప్రతి వీధిలోను కలరు. టీ ఆకలిని తీర్చదు, మరపించును. 2019–21 నడుమ జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో దేశమంతట నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఆంధ్రప్రదేశమున ఇంచుమించు 59, తెలంగాణమున 58. అనగా ఈ సభలో కూర్చున్న స్త్రీలను ఆ లెక్కన ఎంచినచో సగముకన్న ఎక్కువ మంది. మెట్లెక్కిన ఆయాసము, కన్నులు తిరుగుట, ముఖము పాలిపోవుట మొదలగువానిని పనిభారమని త్రోసివేయుచుందురు.

రక్తహీనత ముదిరినపుడు గుగ్గిళ్ళు దానిని మాన్పజాలవు. పరీక్ష చేయించుకొని వైద్యులిచ్చిన ఇనుపధాతువు మాత్రలను మ్రింగవలసినదే. అయినను దినదినము జమపడు చిన్న మొత్తము చిన్నది కాదు. శనగలు, పెసలు, అలసందలు, సజ్జలు, నువ్వులు ఇనుము కలవి. ఆ ఇనుము ఒంటబట్టుటకు నిమ్మరసమో, జామకాయయో, ఉసిరికాయయో తోడుండవలెను. టీ మాత్రము దానిని ఒంటికి చేరనీయక అడ్డగించును. ఉదయము శనగలు నానవైచునపుడు ఇంటిలో తినువారిని ఎంచి, ఎంచువారు తమ్మును కూడ ఎంచుకొని, ఒక గుప్పెడు అధికముగా పోయవలెను. సాయంకాలము ఆ గుప్పెడు గుగ్గిళ్ళపై నిమ్మకాయ పిండి, అందరితో పాటు కూర్చుండి తినవలెను. టీ కావలెనన్నచో గంట గడచిన పిదప త్రాగవచ్చును.