స్త్రీలకు వ్యాయామము – రొమ్ము క్యాన్సరు
(గోలేటి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవవేళ వ్యాధి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. పేరు పలుకుటకు సిగ్గుపడి దాచుకొనుటవలన ఈ వ్యాధి పెక్కు యిండ్లలో ప్రాణాంతకమగుచున్నది. అట్టి సిగ్గును జ్ఞానముచే తొలగించుట గ్రంథాలయ ధర్మము. నేను లెక్కలు వ్రాయువాడను గాని వైద్యుడను కాను. చదివి తెలిసికొన్నంత మనవి చేయుచున్నాను.

భారతదేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరుదే ప్రథమస్థానము. 2022లో 1,90,000కు పైగా స్త్రీలకు ఇది క్రొత్తగా వచ్చినట్లు అంచనా. ఇది అంటువ్యాధి కాదు, పాపఫలమును కాదు.

వ్యాయామమువలన దేహమునకు తేలికదనము, కార్యసామర్థ్యము కలుగుననియు, మితిమీరినచో హాని యనియు చరకసంహిత సూత్రస్థానమున కలదు. ఈ వ్యాధి విషయమున వ్యాయామ మెట్లు మేలుచేయునో నేటి వైద్యులు వివరించిరి. ముట్లుడిగిన పిమ్మట స్త్రీ దేహమున ఈస్ట్రోజెన్ అను హార్మోను ముఖ్యముగా కొవ్వునుండి పుట్టును. అది అధికమైనచో కొన్ని రొమ్ము క్యాన్సరులు పెరుగుటకు తోడగును. వ్యాయామము కొవ్వును తగ్గించును, ఇన్సులిన్‌ను అదుపున నుంచును. మిక్కిలి శ్రమించు స్త్రీలలో ఈ వ్యాధి, శ్రమలేనివారిలోకంటె నూటికి 10 మొదలు 20 పాళ్లు తక్కువగా కనబడినది.

“ఇంటెడు చాకిరి చేయువారికి వేరుగా వ్యాయామమేల?” అందురు. నాట్లు వేయు తల్లికి, బిందెలు మోయు తల్లికి ఆ పనియే వ్యాయామము. కాని క్వార్టర్లలో కుళాయి, గ్యాసుపొయ్యి, మిక్సీ వచ్చినవి. పని తెగదు గాని ఒంటికి చెమట పట్టదు. అట్టివారు వారమున అయిదు దినములైనను అరగంట చొప్పున వడిగా నడువవలెను. మాటాడగలిగి, పాట పాడలేనంత వేగము చాలును. వారమునకు 150 నిమిషములు తక్కువ కాకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది.

అయితే నడక వజ్రకవచము కాదు. రోగులలో ఇంచుమించు సగముమందికి, స్త్రీయగుట, వయస్సు పెరుగుట తప్ప వేరు కారణము కనబడదు. కావున రొమ్మున గడ్డ, చర్మమున సొట్ట, మొననుండి నెత్తురు కనబడినచో నొప్పి లేదని ఊరకుండక వెంటనే వైద్యుని చూడవలెను. బొంబాయి టాటా స్మారక వైద్యాలయమువారు 1,50,000 మంది స్త్రీలపై ఇరువది యేండ్లు పరిశోధించి 2021లో ఫలితములు ప్రకటించిరి. శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు రెండేండ్లకొకమారు చేతితో పరీక్షించినందున, 50 ఏండ్లు దాటినవారిలో ఈ వ్యాధి మరణములు నూటికి 30 వరకు తగ్గినవి. హైదరాబాదులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. పేదలకు అది దిక్కు.

శస్త్రచికిత్స యయిన పిమ్మట సంగతి మరింత ముఖ్యము. చంకలోని గ్రంథులను తీసివేసినపుడు కొందరికి చేయి వాచును. ఆ చేత బరువెత్తరాదని పూర్వము వైద్యులే చెప్పెడివారు. 2009లో అమెరికాలో షమిట్జ్ అను పరిశోధకురాలు చేయి వాచిన 141 మంది స్త్రీలను పరీక్షించిరి. పర్యవేక్షణలో స్వల్పభారముతో మొదలిడి మెల్లమెల్లగా పెంచినవారికి వాపు హెచ్చలేదు, ఉద్రేకించుటయు తగ్గినది.

కావున ఆమెను గదిలో కూర్చుండబెట్టి దాచరాదు. మరునాడే నీళ్లబకెట్టు చేతికీయనురాదు. వైద్యుడు అనుమతించిన పిమ్మట గోడపై వ్రేళ్లు ప్రాకించుచు చేయి పైకెత్తుట, కొలది దూరము నడచుట ఆరంభింపవలెను.

మైదానమున వేకువను, మాపటివేళను నడచువారు చాలవరకు పురుషులే. ఆ అరగంట పొయ్యి పని మనము చూచికొన్నచో, మన తల్లులు, చెల్లెండ్రు, ఇల్లాండ్రు నడువగలరు. ఇదియే నా మనవి. సెలవు.