తండాలో ఒక వినే మనిషి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ వేదిక మీద ఫీజులు, పుస్తకాలు, ఉపకార వేతనాల సంగతి చెబుతుంటాం. ఈసారి వేరే మాట తెచ్చాం.

మన సిర్గాపూర్ చుట్టూ లంబాడా తండాలున్నాయి. పంటల పని అయిపోగానే చాలామంది చెరుకు నరకడానికి వలస పోతారు. కొన్నేళ్ల కింద మా బడిలో ఒక తండా పిల్లాడు రోజూ తరగతిలో నిద్రపోయేవాడు. బద్ధకమనుకున్నాం. నిలబెట్టాం, తిట్టాం. తండ్రి వలసపోయాడు. తల్లి రాత్రిళ్లు లేచి బావి దిక్కు నడుస్తోంది. ఆమె కొంగు ముడి చేతికి చుట్టుకుని వాడు కావలి ఉంటున్నాడు. ఇది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంటికి పోయి అడిగితే ఆమె తెలుగులో "ఏం లేదు సారూ" అన్నది. అదే తండా ఆశా కార్యకర్త పక్కన కూర్చుని వాళ్ల గోర్ బోలిలో అడిగితే గంటసేపు ఏడ్చింది. అప్పటికే గాలి సోకిందని అప్పు చేసి మేకను కోశారు. తర్వాత డాక్టరుకు చూపించాం. మందులు వాడి కోలుకుంది. ఆ పిల్లాడిని తిట్టిన మాటలు మాత్రం మాకు ఇంకా గుచ్చుతున్నాయి.

సర్కారు ఏర్పాట్లు లేవని కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 నుంచి ఉంది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే రాత్రి పగలు ఉచితంగా మాట్లాడతారు. కానీ ఆ నంబరు కలిపి ఫోన్ చేతికిచ్చే మనిషి తండాలో ఉండాలి. జింబాబ్వేలో 2006 నుంచి ఊరి అవ్వలకే శిక్షణ ఇచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి జనం బాధలు వినిపిస్తున్నారు. అక్కడ ఫలితం కనిపించింది.

మేం కోరేది అదే. పది చదివిన తండా ఆడపిల్లలకు, యువకులకు శిక్షణ. మధ్యలో అడ్డుపడకుండా వినడం, చావు ఆలోచన ఉందా అని సూటిగా అడగడం, పురుగుమందు డబ్బా ఇంట్లో అందకుండా పెట్టించడం, ఆస్పత్రికి తోడుపోవడం, వచ్చాక మళ్లీ పలకరించడం నేర్పాలి. కల్లు అలవాటున్నవాణ్ణి ఒక్కసారిగా మానిపించకూడదని కూడా చెప్పాలి. కల్తీ కల్లు మానినవాళ్లకు వణుకు, ఫిట్స్ రావడం మన తెలంగాణలో చూశాం. అది డాక్టరు చూపులోనే జరగాలి. వీళ్లు మందులు ఇవ్వరు, భూతవైద్యుణ్ణి వెక్కిరించరు. విన్న మాట అమానత్, బయటికి పోకూడదు. నెలకోసారి డాక్టరు వీళ్లతో కూర్చోవాలి. లేకుంటే విన్నవాళ్లే కుంగిపోతారు.

తండావాళ్లు మనవాళ్లు కాదు కదా అని ఒక పెద్దమనిషి అడిగారు. జకాత్ ఎవరికి చెందాలో ఉలమాలు చెబుతారు, దాన్ని మేం ముట్టుకోం. మేం అడిగేది సదకా. రోగిని పరామర్శించడం మన దీన్ నేర్పిన పని. పొరుగువాడి హక్కుకు మతం అడ్డు కాదు.

ముందు ఒక్క తండాతో మొదలుపెడదాం. ఖర్చుల లెక్క మీ ముందుంచుతాం. రాత్రి కావలి కాసే పిల్లాడు ఇంకొకడు ఎక్కడున్నా, వాడు నిద్రపోవాలి.