శోకమున తోడు వచ్చు పద్యము

గుఱ్ఱం జాషువ (1895–1971) రచించిన ‘శ్మశానవాటి’ పద్యములను పుస్తకమున చదివినవారికన్న హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో విన్నవారే అధికులు. బలిజేపల్లివారి నాటకమున నటులు వానిని చేర్చుకొని పాడగా, కవి పేరెఱుగని పామరులకును అవి కంఠస్థములయ్యెను.

కవి కలమును, రాజముద్రికయు, ఇల్లాలి నల్లపూసలును అచ్చటనే అంతరించునని ఆయన చెప్పెను. అంటరానితనపు బాధ నెఱిగిన ఆ కవి భేదము లేని చోటు కాటియందే కనెను. స్వర్గమును చూపి ఓదార్చలేదు. కనుకనే బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఆ మాటను నమ్మును.

ఇంట దీపమారిననాడు పుస్తకము విప్పు ఓపిక ఎవ్వరి కుండును? అంతకుముందే నోటికి వచ్చిన పద్యమే నాడు తోడగును. కావున గ్రంథాలయమునకు వచ్చు పిల్లలచే మంచి పద్యములు వల్లె వేయింపుడు. తీసికొన్న పుస్తకమును తిరిగి ఈయవలెను. కంఠమున నిలిచినది ఈయనక్కఱలేదు.